టెక్ సందేహాలు: పాటలో దూరుతున్న స్క్రీన్ రీడర్ గొంతు

చూపు లేని ఆడియో ఇంజినీర్ల దగ్గర్నుంచి కొన్నాళ్లుగా ఒకే ఫిర్యాదు మళ్లీ మళ్లీ వస్తోంది. అందుకని ఈసారి ఫోన్ బ్యాటరీలూ వైఫై గొడవలూ పక్కన పెట్టి కాలమ్ మొత్తం వాళ్లకే ఇచ్చేస్తున్నాను. తెర మీదిది పైకి చదివే ఎన్‌వీడీఏ స్క్రీన్ రీడర్ ఎలా ఎక్కించుకోవాలి, రీపర్ అనే రికార్డింగ్ సాఫ్ట్‌వేర్‌లో ట్రాక్ ఎలా తెరవాలి లాంటివి ఇక్కడ ఉండవు. ఈ ప్రశ్నలు పంపినవాళ్లు అవన్నీ ఎప్పుడో దాటేశారు.

ప్రశ్న (కర్నూలు నుంచి): నాకు చూపు లేదు. ఇంట్లో 10 బై 12 అడుగుల గదిలో డబ్బింగ్, భక్తి పాటల రికార్డింగ్ చేస్తున్నాను. విండోస్ ల్యాప్‌టాప్, రీపర్, దాన్ని స్క్రీన్ రీడరుతో పలికించే ఓసారా, ఎన్‌వీడీఏ వాడతాను. టేక్ విన్నప్పుడు పాట వెనకాల ఎన్‌వీడీఏ సన్నగా వినిపిస్తోంది. చెవిలో ఎవరో మాట్లాడుతున్నారని గాయకుడూ విసుక్కుంటున్నాడు. మైకు మార్చాలా?

మైకు జోలికి వెళ్లకండి. ఆ గొంతు టేకులోకి రావడానికి ఉన్నవి రెండే దార్లు, గాలి లేదా తీగ. ఏదో తేల్చడానికి అర నిమిషం చాలు. మైకు తీగ ఊడదీసి, ట్రాక్ ఆర్మ్ చేసి (అంటే రికార్డింగుకు సిద్ధం చేసి), ఎన్‌వీడీఏ చేత ఏదో ఒకటి చదివిస్తూ రికార్డు చేయండి. మైకు లేకపోయినా గొంతు పడిందంటే ఆడియో ఇంటర్‌ఫేస్‌లో (మైకునూ హెడ్‌ఫోన్‌నూ కంప్యూటరుకు కలిపే పెట్టె) లూప్‌బ్యాక్, అంటే కంప్యూటరు శబ్దాన్నే తిరిగి రికార్డింగులోకి పంపే దారి, తెరిచి ఉంది, లేదా ట్రాకుకు మైకు బదులు లూప్‌బ్యాక్ ఇన్‌పుట్ తగులుకుంది. ఏమీ పడలేదంటే గాయకుడి హెడ్‌ఫోన్ నుంచి కారి మైకులో పడుతోంది. గాయకుడు విసుక్కుంటున్నాడంటున్నారు కాబట్టి మీది ఈ రెండోదే అయి ఉంటుంది.

ఏ దారైనా మూలం ఒకటే. కంప్యూటరులో పుట్టే ప్రతి శబ్దాన్నీ ఇంటర్‌ఫేస్ మీదికే తోలడం. ఇంటర్‌ఫేస్ తగిలించగానే విండోస్ సాధారణంగా దాన్ని తనంతట తానే డిఫాల్ట్ సౌండ్ పరికరంగా చేసేసుకుంటుంది, ఎన్‌వీడీఏ దాని వెనకే పోతుంది. ముందు విండోస్ డిఫాల్ట్‌ను ల్యాప్‌టాప్ సొంత సౌండ్‌కు మార్చండి. తర్వాత ఎన్‌వీడీఏ ఆడియో సెట్టింగుల్లో అవుట్‌పుట్ పరికరం దగ్గర 'డిఫాల్ట్' అని వదలకుండా ల్యాప్‌టాప్ సౌండ్‌ను పేరు పెట్టి ఎంచుకోండి. పాత వెర్షన్లలో ఈ ఎంపిక సింథసైజర్ డైలాగులో ఉండేది. రీపర్‌లో కంట్రోల్ పీ నొక్కి, ఆడియో డివైస్ పేజీలో ఇంటర్‌ఫేస్ ఏసియో డ్రైవరును (రీపర్‌ను నేరుగా ఇంటర్‌ఫేస్‌తో కలిపేది) పెట్టండి. ఇక ఇంటర్‌ఫేస్‌లోకి రీపర్ తప్ప మరొకటి రాదు. గాయకుడి హెడ్‌ఫోన్ ఇంటర్‌ఫేస్ నుంచే కాబట్టి అతనికి ఎన్‌వీడీఏ వినపడే దారే ఉండదు.

మరి మీకు రెండూ వినపడాలి కదా. దీనికి సాఫ్ట్‌వేర్ తిప్పలు పడేకంటే నాలుగు ఛానళ్ల చిన్న అనలాగ్ మిక్సర్ ఒకటి కొనుక్కోండి. ల్యాప్‌టాప్ హెడ్‌ఫోన్ రంధ్రం నుంచి ఒక జత, ఇంటర్‌ఫేస్ రెండో హెడ్‌ఫోన్ అవుట్ నుంచి ఒక జత దానికి ఇచ్చి, మీ హెడ్‌ఫోన్ మిక్సర్‌కు తగిలించండి. పాట ఎంత, ఎన్‌వీడీఏ ఎంత అన్నది ఇక చేతి కింద రెండు నాబ్‌లు. ఛార్జరు పెట్టగానే బుయ్యిమని హమ్ మొదలైతే అది గ్రౌండ్ లూప్. ల్యాప్‌టాప్ వైపు తీగలో ట్రాన్స్‌ఫార్మరున్న ఐసోలేటరు పెడితే పోతుంది. ఎన్‌వీడీఏని ఒక చెవికీ మిగతా ప్రోగ్రాములను రెండో చెవికీ పంచే సౌండ్ స్ప్లిట్ ఉంది కదా అని కొందరు రాశారు. ఏసియో విండోస్ మిక్సరును తాకకుండా పక్కనుంచి వెళ్లిపోతుంది, అందుకని రీపర్ శబ్దం మీద దాని ఆట సాగదు. బ్లూటూత్ ఇయర్‌ఫోన్ అసలే వద్దు. గొంతు ఆలస్యంగా వస్తుంది, మాట మొదటి అక్షరాలు మింగేస్తుంది. మ్యూట్ పడిందో లేదో ఆ మొదటి అక్షరాల్లోనే ఉంటుంది.

లెవెల్ మీటరు సంగతి అడగలేదు కానీ తర్వాతి ఉత్తరం దాని గురించే వస్తుందని తెలుసు. ఓసారాలోని పీక్ వాచర్‌ను ఆర్మ్ చేసిన ట్రాకు మీద మైనస్ 6 డీబీకి పెట్టండి, దాటితే అదే చెబుతుంది. గొంతు శిఖరాలు మైనస్ 12 దగ్గర ఆడేలా గెయిన్ ఉంచితే అది నోరు మెదపదు.

ప్రశ్న (రాజమహేంద్రవరం నుంచి): పక్క గోడల మీద శబ్దం పీల్చే ప్యానెళ్లు ఎక్కడ పెట్టాలో తెలియాలంటే అద్దం జరుపుతూ అందులో స్పీకరు కనిపించేచోట గుర్తు పెట్టమంటారు. చూపు లేనివాళ్లు ఏం చేయాలి?

అద్దం అక్కర్లేదు, టేపు చాలు. అద్దం చేసేది చిన్న లెక్కే. స్పీకరు గోడకు ఎంత దూరమో, మీ తల ఎంత దూరమో కొలవండి. గోడ పొడవునా స్పీకరు వరుసకూ తలకూ మధ్య ఎంతో కొలవండి. ఆ మధ్య దూరాన్ని స్పీకరు దూరంతో గుణించి, రెండు దూరాల మొత్తంతో భాగిస్తే స్పీకరు వరుస నుంచి ప్యానెల్ నడిబొడ్డు ఎక్కడ పడాలో వచ్చేస్తుంది. 10 అడుగుల వెడల్పు గది అనుకుందాం. స్పీకర్లు మధ్యలో 4 అడుగుల ఎడంతో ఉంటే ఒక్కోటి పక్క గోడకు 3 అడుగులు, మీ తల 5 అడుగులు. 4 అడుగుల పురికొస ముక్కలు రెండు, ఒక్కో స్పీకరు నుంచి ఒక్కోటి లాగితే అవి కలిసేచోట తల ఉండాలి. అంటే స్పీకరు వరుసకు దాదాపు 3 అడుగుల 5 అంగుళాల వెనక. లెక్క వేస్తే ప్యానెల్ నడుమ స్పీకరు వరుస నుంచి 16 అంగుళాల దగ్గర పడుతుంది. ఎత్తు మీరు కూర్చున్నప్పటి చెవి ఎత్తు. 2 బై 4 అడుగుల చట్రంలో 2 అంగుళాల రాక్ ఊల్ (రాతి పీచు), గోడకూ దానికీ మధ్య ఇంకో 2 అంగుళాల ఖాళీ ఉంచండి.

గది ఎత్తు కూడా 10 అడుగులే అయితే ఒక చిక్కుంది. వెడల్పు, ఎత్తు రెండూ 56 హెర్ట్‌జ్ దగ్గరే మోగుతాయి, అక్కడ బాస్ ముద్దగా పేరుకుంటుంది. పల్చటి నురగ ముక్కలు గోడంతా అతికిస్తే పైస్వరాలు చస్తాయి తప్ప ఈ ముద్ద కదలదు. మూలల్లో మందంగా రాక్ ఊల్ నింపాల్సిందే.

ప్రశ్న (హైదరాబాద్ నుంచి): కొత్త ఆడియో ఇంటర్‌ఫేస్ కొనాలి. టచ్ ప్యానెల్‌తో వచ్చేవి బాగున్నాయంటున్నారు. తీసుకోవచ్చా?

వద్దు. కొట్లో పెట్టె తెరిపించి మీ వేళ్లతో మూడు చూడండి. గెయిన్ నాబ్ రెండు కొసల్లోనూ ఆగాలి. ఆగకుండా గిరగిరా తిరిగేదైతే ఎక్కడుందో చెప్పేది దాని చుట్టూ ఉండే దీపాలే, అవి మీకు పనికిరావు. మైకుకు కరెంటు పంపే 48 వోల్టుల ఫాంటమ్ మీట నొక్కితే లోపలికి దిగి అక్కడే ఉండిపోవాలి. నొక్కగానే పైకి లేచే మెత్తటి మీటైతే ఆన్‌లో ఉందో ఆఫ్‌లో ఉందో తేలదు, ఆ కరెంటుకు పాడవగల పాత రిబ్బన్ మైకు తగిలించిన రోజున ఆ అనుమానం ఖరీదైనదవుతుంది. డైరెక్ట్ మానిటరింగ్‌కు (మైకు శబ్దాన్ని కంప్యూటరు చుట్టూ తిప్పకుండా నేరుగా హెడ్‌ఫోన్‌లో వినడానికి) విడిగా నాబో మీటో ఉండాలి. అది కంప్యూటరులోని కంట్రోల్ ప్యానెల్లో మాత్రమే ఉంటే ఆ ప్యానెల్‌ను ఎన్‌వీడీఏ చదువుతుందో లేదో అక్కడే ఎక్కించి చూపించమనండి. చాలా వాటిలో అది ఒట్టి బొమ్మ. ట్యాబ్ కొడితే ఎక్కడికీ పోదు.

ఇక ఈ టచ్ పిచ్చి. తెర మీద వేలు జార్చి గెయిన్ పెంచడం చూపున్నవాడికీ సుఖం కాదు. పాడేవాడి మొహం చూస్తూ చేత్తో వెతుక్కోవడానికి అంచుండదు, గుంత ఉండదు, కొస ఉండదు. మీట ఒక్కటి తగ్గితే కంపెనీకి కొన్ని రూపాయలు మిగులుతాయి, అది 'ఆధునికం' అనే పేరుతో మన నెత్తిన పడుతుంది. 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టం ఉంది, ఐటీ ఉత్పత్తులు అందరికీ అందుబాటులో ఉండాలని చెప్పే ఐఎస్ 17802 ప్రమాణం 2021లోనే వచ్చింది. గాజు పలక మీద నున్నగా మీటలు గీసేవాళ్ల బల్లల మీద మాత్రం ఆ కాగితాలు కనపడవు. ప్లగిన్ల (రీపర్‌లో తగిలించి శబ్దాన్ని మార్చే చిన్న ప్రోగ్రాములు) తయారీదార్లదీ ఇదే తీరు. గుండ్రటి నాబ్ మీద తుప్పు మరక కూడా గీస్తారు, ఆ నాబ్ పేరు స్క్రీన్ రీడరుకు చెప్పడం మాత్రం మర్చిపోతారు. రీపర్‌తో ఉచితంగా వచ్చే రీఈక్యూ, రీకాంప్ ప్లగిన్లు చూడటానికి బోడిగా ఉంటాయి, కానీ ఓసారా పారామీటర్ల జాబితాలో ప్రతి అంకెనూ టైపు చేసి మార్చవచ్చు. సంపాదన మొదలయ్యేదాకా వాటితోనే కాలక్షేపం చేయండి.

ప్రశ్న (వరంగల్ నుంచి): ఒక ప్లగిన్ యాక్టివేషన్ తెరను ఎన్‌వీడీఏ చదవడం లేదు. వాట్సాప్ గ్రూపులో పరిచయమైన ఒకాయన ఎన్‌వీడీఏ రిమోట్ (దూరం నుంచి కంప్యూటరు నడిపే సౌకర్యం) కీ పంపితే చేసిపెడతానంటున్నారు. క్రాక్ వెర్షన్ కూడా ఇస్తారట. పంపవచ్చా?

నన్ను అన్నిటికంటే భయపెట్టిన ఉత్తరం ఇదే. ఆ కీ మీ ఇంటి తాళం చెవి. 2025.1 వెర్షన్ నుంచి రిమోట్ ఎన్‌వీడీఏలోనే ఉంది, అంతకు ముందు యాడ్ఆన్‌గా ఉండేది. కీ తెలిసినవాడు మీ కీబోర్డు ముందు కూర్చున్నట్టే. చూపున్నవాడి మెషీన్లో ఎవరైనా చొరబడితే బాణం గుర్తు కదలడం కనిపిస్తుంది. మీకు తెలిసేది ఎన్‌వీడీఏ గొంతులోనే. పైన మిక్సరు పెట్టుకోమన్నాను కదా, టేక్ నడుస్తున్నప్పుడు ఎన్‌వీడీఏ నాబ్ సున్నాకు తిప్పేస్తారు. ఆ నాలుగు నిమిషాల్లో అవతలివాడు ఏం చేసినా మీ చెవిన పడదు.

సాయం తీసుకోక తప్పకపోతే ముఖాముఖి ఎరిగినవాళ్ల దగ్గరే తీసుకోండి. ప్రతిసారీ కొత్త కీ పుట్టించండి, ఊరి పేరో ఫోన్ నంబరో కీగా పెట్టకండి. పని కాగానే డిస్‌కనెక్ట్ చేయండి. రిమోట్ సెట్టింగుల్లో 'ఎన్‌వీడీఏ మొదలవగానే తనంతట తాను కనెక్ట్ అవ్వు' అన్న గడిలో టిక్ ఉంటే తీసేయండి. ఒకప్పుడు సాయం చేసినవాడు ఆర్నెల్ల తర్వాతా లోపలికి రాగలిగేది దాని వల్లే. స్టూడియో పనికి అడ్మిన్ హక్కుల్లేని యూజరు ఖాతా విడిగా పెట్టుకోండి. కనీసం కొత్త సాఫ్ట్‌వేర్ ఎక్కేముందు పాస్‌వర్డ్ అడుగుతుంది.

ఆ క్రాక్ సంగతి. దానితో వచ్చే సూచనల్లో మొదటి మాట 'యాంటీవైరస్ ఆపండి' అనే ఉంటుంది. కొరివితో తల గోక్కోవడం అంటే ఇదే. మీ డిస్కులో ఇంకా విడుదల కాని పాటలున్నాయి, పరాయివాళ్ల గొంతులు శుభ్రంగా, వాద్యాల్లేకుండా ఉన్నాయి. గొంతును నకలు చేసే సాఫ్ట్‌వేర్‌కు కావలసింది సరిగ్గా అదే సరుకు. వాట్సాప్‌లో వచ్చిన ఎన్‌వీడీఏ యాడ్ఆన్ ఫైళ్లూ ఇంతే. యాడ్ఆన్‌కు కంచె ఏమీ ఉండదు, ఎన్‌వీడీఏ చేయగలిగిందల్లా అదీ చేయగలదు. ఎన్‌వీడీఏ యాడ్ఆన్ స్టోరులో ఉన్నవాటితోనే సరిపెట్టుకోండి.

ఇంకొకటి, కంట్రోల్ గదిలో ఫోను. ఆండ్రాయిడ్ స్క్రీన్ రీడర్ టాక్‌బ్యాక్ ఓటీపీని పైకి చదువుతుంది, మైకు తెరిచి ఉంటే అది టేకులో పడుతుంది. ఓటీపీ కాసేపటికి చెల్లదు. యూపీఐ పిన్ అలా కాదు, ఎడిట్ చేయని ఫైలు క్లయింటుకు ఇచ్చినప్పుడు అదీ వెళ్లిపోతుంది. టాక్‌బ్యాక్‌లో పాస్‌వర్డులు పలికే ఎంపిక ఆపేయండి, లాక్ తెర మీద నోటిఫికేషన్ల సారాంశం దాచండి, ఫోనుకు తీగ ఇయర్‌ఫోన్ తగిలించే ఉంచండి.

యాక్టివేషన్ తెర మాటంటారా, దాని మీద ఎన్‌వీడీఏ కీ, ఆర్ కలిపి నొక్కండి. విండోస్ ఓసీఆర్ తెర మీది అక్షరాలు చదివి ఇస్తుంది. బాణాలతో 'యాక్టివేట్' అన్న మాట మీదికి వెళ్లి ఎంటర్ కొడితే చాలాసార్లు మీట పడుతుంది. పడకపోతే కంపెనీకి రాసి డబ్బు వెనక్కి అడగండి, కారణం కూడా రాయండి.

ప్రశ్న (విజయవాడ నుంచి): అప్‌డేట్ తర్వాత ఒక ప్లగిన్‌లో పారామీటర్ల పేర్లన్నీ పోయి అంకెలు మిగిలాయి. పాట సగంలో ఉంది.

పాత ఇన్‌స్టాలర్ దాచుకుని ఉంటే దాన్నే మళ్లీ ఎక్కించండి. లేకపోతే ఆ ట్రాకును ప్లగిన్‌తో సహా 24 బిట్ వేవ్‌గా రెండర్ చేసి పాట ముగించండి. ఇకమీదట రీపర్‌ను పోర్టబుల్‌గా ఇంకో ఫోల్డర్‌లో పెట్టుకుని, రీపర్, ఓసారా కొత్త వెర్షన్లు ముందు అక్కడ పరీక్షించండి. ఓసారా ఎక్కించేటప్పుడు కీమ్యాప్ (షార్ట్‌కట్ల జాబితా) మార్చాలా అని అడిగితే, మీరు సొంతంగా పెట్టుకున్న షార్ట్‌కట్లను ఎగుమతి చేసుకున్నాకే సరేననండి.