పేపర్ వెనకున్న డేటా కావాలంటే

అమ్మడూ,

నీ మెయిల్ చూశాను. పరిశోధన పేపర్ దొరికింది గానీ దాని వెనకున్న డేటా దొరకలేదు, రాసినాయనకి మెయిల్ పెట్టి మూడు వారాలైనా జవాబు లేదు అన్నావు. టెన్షన్ పడకు. ఆయనకి పంపిన మెయిల్ కాపీ నాకూ పెట్టావుగా, చదివాను. నేనైనా జవాబివ్వను. "దయచేసి మీ డేటా మొత్తం పంపగలరు" అని ఒక్క ముక్క. నువ్వెవరు, ఏ పట్టిక కావాలి, ఎందుకు కావాలి, ఏమీ లేదు.

అసలు నువ్వు ఆయన్ని అడగాల్సిన పనే లేదు, చూశావా? ఆ పేపర్ మెథడ్స్ భాగంలోనే ఉంది, పిల్లల వివరాలు 'యంగ్ లైవ్స్' సర్వేవి అని. 2002లో మొదలైన సర్వే అది, నాలుగు దేశాల్లో జరిగింది, మన దేశంలో అప్పటి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో సుమారు మూడు వేల మంది పిల్లల్ని తీసుకుని, వాళ్లు పెరుగుతుంటే మళ్లీ మళ్లీ వెళ్లి అడిగారు. ఆ డేటా బ్రిటన్‌లోని యూకే డేటా సర్వీస్ అనే డేటా భద్రపరిచే సంస్థ దగ్గర ఉంటుంది. రిజిస్టర్ అయ్యి, ఏ పనికో నాలుగు లైన్లు రాసి, షరతులు ఒప్పుకుంటే డౌన్‌లోడ్ చేసుకోవచ్చు, నీలాంటి విద్యార్థులకి డబ్బేం అక్కర్లేదు. ఆ షరతుల్లోనే ఇంకొకళ్లకి ఫైళ్లు పంచకూడదని ఉంటుంది, అంటే పాపం ఆయన ఇద్దామనుకున్నా నీకు ఇవ్వకూడదు!

అందుకే ముందు డేటా ఎవరిదో చూడు. మనవాళ్ల పేపర్లలో చాలా వాటికి డేటా రాసినవాళ్లది కాదు. నేషనల్ శాంపిల్ సర్వే అయితే కేంద్ర గణాంక శాఖ మైక్రోడేటా (ఒక్కో కుటుంబం వివరాలు విడిగా ఉండే ఫైళ్లు) సైట్లో ఉంటుంది. మహబూబ్‌నగర్ వైపు ఔరేపల్లి లాంటి ఊళ్లలో 1975 నుంచి రైతు కుటుంబాల లెక్కలు రాసుకున్నది పటాన్‌చెరులోని అంతర్జాతీయ పంటల పరిశోధన సంస్థ ఇక్రిశాట్ వాళ్లు, వాటికి వాళ్లనే అడగాలి.

రచయితలే సేకరించుకున్నదైతే పేపర్ చివర, రిఫరెన్సుల దగ్గర్లో, 'డేటా అవైలబిలిటీ' అని చిన్న పేరా వెతుకు. ప్లాస్ జర్నళ్లు 2014 నుంచి అది తప్పనిసరి చేశాయి. జెనోడో, డ్రయాడ్, ఫిగ్‌షేర్, హార్వర్డ్ డేటావర్స్ అని డేటా దాచే సైట్ పేరూ, పక్కన డీఓఐ నంబరూ (ఆ ఫైలుకిచ్చే శాశ్వత గుర్తింపు) ఉంటే పని సగం అయిపోయినట్టే. సప్లిమెంటరీ ఫైళ్లు కూడా తెరిచి చూడు, జనం వాటి జోలికే పోరు.

ఇక "అడిగితే ఇస్తాం" అని రాసినవాళ్ల సంగతి. అలా రాసిన 1,792 పేపర్ల వాళ్లని అడిగి చూశారు కొందరు, 2022లో ఆ ఫలితం వచ్చింది. ఇచ్చింది 122 మంది. మిగతావాళ్లు ఇవ్వలేదు, లేదా పలకనే లేదు. కాబట్టి జవాబు రాకపోతే అది నీ మీద కోపమనుకోకు. అలాగని అడగడం మానకు కూడా. 2013లో అమెరికాలో మసాచుసెట్స్ యూనివర్సిటీ విద్యార్థి థామస్ హెర్న్‌డన్ క్లాసు పని కోసం రైన్‌హార్ట్, రోగాఫ్ అనే ఆర్థికవేత్తలు దేశాల అప్పు, వృద్ధి మీద రాసిన పేపర్ లెక్క మళ్లీ చేస్తే రాలేదు, వాళ్లనే అడిగాడు, వాళ్లు ఎక్సెల్ షీట్ ఇచ్చారు. తెరిచి చూస్తే సగటు తీసిన చోట ఐదు దేశాలు జారిపోయాయి! ఆ తప్పూ ఇంకొన్ని తేడాలూ సరిచేసి చూస్తే, అప్పు బాగా ఎక్కువున్న దేశాల వృద్ధి మైనస్ 0.1 కాదు, 2.2 శాతం అని తేలింది.

అడిగే పద్ధతి ఇది. "నేను ఫలానా చోట పీహెచ్‌డీ చేస్తున్నాను, మీ మూడో పట్టిక మళ్లీ కట్టి చూస్తున్నాను, దానికి వాడిన చరరాశులు, కోడ్ ఫైలు చాలు, పేర్లూ ఊర్లూ తీసేసి ఇచ్చినా ఫర్వాలేదు, వాడితే మీ పేపర్‌ని తప్పక ఉదహరిస్తాను." అంతే. మొత్తం అడిగితే ఆయనకి రెండ్రోజుల పని, ఇంత అడిగితే అరగంట. రెండు వారాలాగి ఒక్కసారి గుర్తు చెయ్యి, తర్వాత సహ రచయితల్లో చిన్నవాళ్లకి రాయి, కోడ్ రాసేది మామూలుగా వాళ్లే.

డేటా చేతికొచ్చాక వెంటనే సగటు తీయకు. నేను శాంపిల్ సర్వే ఫైలు మొదటిసారి తెరిచినప్పుడు మల్టిప్లయర్ (ఒక్కో కుటుంబం ఎన్ని కుటుంబాలకి లెక్కో చెప్పే అంకె, వెయిట్ అన్నా అదే) వెయ్యకుండానే లెక్కలు కట్టేసి, రెండు నెలలు మా డిపార్ట్‌మెంట్లో అందరికీ గొప్పగా చూపించుకున్నాను, చివరికి ఒక జూనియర్ అడిగాడు, "సార్, వెయిట్స్ వేశారా?" అని. ఇప్పటికీ ఆ మాట తల్చుకుంటే చెవులు వేడెక్కుతాయి. నీ ఫైళ్లలో ప్రతి పిల్లాడికీ ఒక ఐడీ ఉంటుంది, సర్వే విడతకో ఫైలు చొప్పున ఉన్న వాటిని దాంతోనే కలపాలి.

ఈ వారం రిజిస్ట్రేషన్ పూర్తి చేసి, ప్రశ్నావళి పీడీఎఫ్ అట్టనుంచి అట్టదాకా చదివి, ఆదివారం పొద్దున ఫోన్ చెయ్యి. చదవకుండా చేస్తే మీ పెద్దమ్మకి ఇచ్చేస్తాను ఫోను.

— పెదనాన్న