మోటబిలిటీ కారా, చేతికి డబ్బా? మధ్యలో నా పెళ్ళిచూపుల నడక

అడిగిన ప్రశ్న: "యూకేలో ఉంటున్నాం. మా ఆవిడకు ఎమ్మెస్ (మల్టిపుల్ స్క్లెరోసిస్ అనే నరాల జబ్బు). ఈమధ్యే పిప్‌లో, అంటే ఇక్కడ వికలాంగులకు ప్రభుత్వం ఇచ్చే భత్యంలో, మొబిలిటీ (నడక, రాకపోకల) భాగానికి పై రేటు మంజూరైంది. ఆ డబ్బు మోటబిలిటీ అనే కార్ల పథకానికి మళ్ళించి కారు లీజుకు తీసుకోవాలా, లేక డబ్బు దాచి సొంత కారు కొనుక్కోవాలా?"

లీజుకే వెళ్ళండి. నేనిప్పుడు మూడో కారు నడుపుతున్నాను, కాబట్టి ధైర్యంగానే చెప్తున్నాను.

లెక్క చూడండి. 2025-26లో ఆ పై రేటు వారానికి 77.05 పౌండ్లు. ఏడాదికి నాలుగు వేలు, మూడేళ్ళ లీజుకు పన్నెండు వేలు. అందులోనే కారు, ఇన్సూరెన్సు, సర్వీసింగు, టైర్లు, దారిలో ఆగిపోతే వచ్చి చూసే మెకానిక్కు, అన్నీ వచ్చేస్తాయి. రోడ్ ట్యాక్సు ఉండదు. పెట్రోలు మనది. కొన్ని మోడళ్ళకు ముందు కొంత కట్టాలి, అది తిరిగి రాదు. సూపర్‌మార్కెట్‌కి, గుడికి తప్ప కారు తియ్యని వాళ్ళయితే డబ్బే తీసుకుని టాక్సీల్లో తిరగడం నయం. మిగతా వాళ్ళెవరైనా బయట ఇన్సూరెన్సు కొటేషన్ ఒక్కటి తెప్పించుకుంటే చాలు, తేలిపోతుంది.

మా మరిదిగారు మాత్రం ఇప్పటికీ ఒప్పుకోడు. "మూడేళ్ళు కట్టి చివరికి తాళాలు వాళ్ళకిచ్చేస్తే మనకేం మిగిలింది వదినా?" అంటాడు. ఆయన డ్రైవ్‌వేలో పన్నెండేళ్ళ డీజిల్ కారొకటి మిగిలింది, చూస్తూనే ఉన్నాం.

నాకు లెక్కకంటే ముఖ్యం పెడల్. నాది కుడికాలు పోలియో, తొడ దాకా క్యాలిపర్ (కాలికి ఆసరాగా బిగించే చట్రం). తెనాలిలో ఉన్నప్పుడు వెనక రెండు పక్క చక్రాలు బిగించిన కైనెటిక్ హోండా మీద కాలేజీకి వెళ్ళేదాన్ని. ఇక్కడికొచ్చాక ఏళ్ళ తరబడి ఎవరో ఒకరు ఎక్కించుకుంటే తప్ప గడప దాటలేదు. ఇప్పుడు నా ఆటోమేటిక్‌లో యాక్సిలరేటర్ ఎడమకాలి వైపు ఉంటుంది. నేను దిగి మా ఆయన ఎక్కితే ఎడమది మడిచేసి కుడిది దించుకుంటాడు, అంతే. లీజు మొదట్లోనే అడిగితే ఇలాంటి మార్పులు చాలావరకు అదనంగా డబ్బు తీసుకోకుండానే చేసిస్తారు. సొంత కారుకైతే ఆ బిగింపు ఖర్చు మనదే. కారు మార్చిన ప్రతిసారీ మళ్ళీ మనదే.

ఇక మీరు అడగనిది చెప్తాను. మీకు మంజూరైపోయింది, సంతోషం. కానీ ఇది ఒకసారి వచ్చి ఊరుకునేది కాదు, రివ్యూ ఉంటుంది. పై రేటు పోతే కారూ పోతుంది. అందుకని నా అసెస్‌మెంట్ కథ వినండి.

మేము వచ్చింది 2011లో. వీసా కార్డు మీద 'నో పబ్లిక్ ఫండ్స్', అంటే ఇలాంటి ప్రభుత్వ భత్యాలు అడగకూడదు అని ఉన్నన్నాళ్ళూ ఈ ఊసే లేదు. ఐఎల్ఆర్ (ఇక్కడే స్థిరంగా ఉండే అనుమతి) వచ్చాక 2017లో పిప్‌కు అప్లై చేశాను. కొన్ని నెలలకు పిలిచారు. ఆ రోజు పొద్దున నేనేం చేశానో తెలుసా? తలంటుకుని, ఇస్త్రీ చేసిన పొడుగు కుర్తీ వేసుకుని, క్యాలిపర్ కనపడకుండా వదులు ప్యాంటు వేసుకుని వెళ్ళాను. ఎవరైనా చూస్తే ఉద్యోగం ఇంటర్వ్యూ అనుకునేవాళ్ళు.

లోపలినుంచి ఒకావిడ వచ్చి, తలుపు దగ్గర నవ్వుతూ నిలబడి, కారిడార్ చివర గదికి రమ్మంది. ఆ నడకే పరీక్ష అని అప్పుడు నాకు తెలీదు. తెలిసినా ఏం లాభం? నా ఒంట్లో ఇంకో పరీక్ష ఉంది. ఇరవై రెండేళ్ళప్పుడు మా అమ్మ నేర్పిన నడక అది. పెళ్ళిచూపులకు వచ్చినవాళ్ళు కాఫీలు తాగాక "అమ్మాయిని ఒకసారి నడిపించండి" అనేవాళ్ళు. సంతలో గేదెను చూసినట్టే. అందుకని అమ్మ వంటింట్లోంచి హాల్లోకి నన్ను రోజూ నడిపించేది. "తొడ మీద చెయ్యి పెట్టకు. పెదవి కొరక్కు. పది అడుగులేగా, ఊపిరి బిగబట్టి వేసెయ్యి." వేసేదాన్ని. ఆ తర్వాత రెండు రోజులు నడుం పట్టేసి మంచం దిగలేకపోయేదాన్ని, అది వేరే సంగతి. అది వచ్చినవాళ్ళకు కనపడదుగా.

ఆ కారిడార్లో కూడా అచ్చం అలాగే నడిచాను. తొడ మీద చెయ్యి లేదు, పెదవి కొరకలేదు. ఆవిడ కబుర్లాడుతూ పక్కన నడుస్తుంటే నేను కూడా నవ్వుతూ జవాబులు చెప్పాను. గదిలో కూర్చున్నాక అడిగింది: వంట ఎవరు చేస్తారు? నేనే. సరుకులు? నేనే తెస్తాను. మా ఆయన కాలితో నా కాలు తొక్కాడు, పాపం క్యాలిపర్ ఉన్న కాలు. సరుకులు తెచ్చేది ఆయన. నేను కార్లో కూర్చుని ఫోన్లో "కొత్తిమీర మర్చిపోకు" అంటాను. కానీ పరాయి మనిషి ముందు "నాకు చేతకాదు" అనే మాట నోటికి రాలేదు.

ఇంటికి వచ్చి హాట్ వాటర్ బ్యాగ్ పెట్టుకుని పడుకున్నాను. "ఏంటలా చెప్పావ్?" అన్నాడాయన. నేను ఏడ్చాను.

తర్వాత ఉత్తరం వచ్చింది. సాధారణ వేగంతో నడిచారు, ఇబ్బంది కనపడలేదు. నడకకు నాలుగు పాయింట్లు. పై రేటుకు పన్నెండు కావాలి. నాకు కోపం వచ్చింది గానీ నిజం చెప్పాలంటే ఆవిడ చూసిందే రాసింది. చూడనిచ్చింది నేను.

మళ్ళీ చూడమని రాస్తే అదే జవాబు. అప్పుడు ఉచితంగా సలహాలిచ్చే సిటిజన్స్ అడ్వైస్ సంస్థలో ఒక పెద్దావిడ చెప్పింది, రూలు అసలు చదవమని. ఆ పన్నెండు పాయింట్లకు చూసేది ఇరవై మీటర్లు దాటి నడవగలవా అన్నదొక్కటే కాదు. ప్రమాదం లేకుండా, సరిగ్గా, మరీ ఆలస్యం కాకుండా, అవసరమైనన్నిసార్లు మళ్ళీ మళ్ళీ నడవగలవా అన్నది రూలు. ఇరవై మీటర్లంటే రెండు బస్సులు వరసగా ఆపినంత దూరం. ఒక్కసారైతే నేను పళ్ళు బిగించి నడుస్తాను. గంటలో మళ్ళీ నడవమంటే? రెండు వారాలు డైరీ రాయించింది. ఎక్కడ ఆగాను, ఏ గోడ పట్టుకున్నాను, మర్నాడు ఎన్నింటికి లేచాను. రాస్తుంటే సిగ్గేసింది. మా అమ్మ చదివితే ఏమనేదో అనుకున్నాను.

ఆ డైరీతో ట్రైబ్యునల్‌కు అప్పీలు చేశాను. అక్కడ ముగ్గురు కూర్చుంటారు: జడ్జి, డాక్టరు, వైకల్యం సంగతి తెలిసిన మరొకరు. ఆ రోజు తొడ మీద చెయ్యి పెట్టుకునే నడిచాను. పన్నెండు వచ్చాయి.

మీ ఆవిడది ఎమ్మెస్ అన్నారు కాబట్టి మరీ జాగ్రత్త. ఒకరోజు బాగుండి ఒకరోజు లేవలేని జబ్బు అది. బాగున్న రోజున పిలిస్తే తలదువ్వుకుని వెళ్ళి "ఐ యామ్ ఫైన్" అనకండి. ఆవిడ పక్కన మీరు కూర్చోండి, కానీ కాలు తొక్కకండి.

ఇంకా రెండు మాటలు, ఎందుకంటే ఇవి నన్ను చాలామంది అడుగుతారు. విజిటర్ వీసా మీద వచ్చిన అమ్మానాన్నల మోకాళ్ళ నొప్పులకు కారు రాదండీ! ఇక్కడే స్థిరపడ్డా, స్టేట్ పెన్షన్ వయసు దాటాక కొత్తగా పిప్ అడగలేరు. అప్పుడిచ్చే అటెండెన్స్ అలవెన్సులో మొబిలిటీ భాగమే ఉండదు. అలాగే ఈ కారు మీద ఫుడ్ డెలివరీలు చేద్దామనుకునే తమ్ముళ్ళకు: ఇన్సూరెన్సు వర్తించదు, చివరికి బలయ్యేది కారు ఎవరి పేరున ఉందో వాళ్ళు.

"ఫ్రీ కారు" అనే మాట వింటే నాకు ఒళ్ళు మండుతుంది. మా వాట్సాప్ గ్రూపులోనూ అదే గోల, వికలాంగులకు ఊరికే బీఎండబ్ల్యూలు ఇస్తున్నారని. ఊరికే ఎవరిచ్చారు? నా అలవెన్సు నేను కడుతున్నాను. పైగా 2025 నవంబరులో బీఎండబ్ల్యూ, మెర్సిడెస్ లాంటివి జాబితాలోంచే తీసేశారు. ఇండియాలో మనవాళ్ళు దివ్యాంగులని పేరు మార్చారు గానీ చాలాచోట్ల బస్సు మెట్టు ఎత్తు తగ్గించలేదు. ఇక్కడ మెట్టు దించారు, నోళ్ళే ఆగడం లేదు.

ఆర్డర్ చేసే ముందు వీల్‌చైరుంటే షోరూముకు పట్టుకెళ్ళి డిక్కీలో పెట్టి చూసుకోండి, కాగితం మీది కొలతల్ని నమ్ముకోవద్దు. నడిపేది మీరే అయినా కారు ఆవిడ కోసం, కాబట్టి సీటు ఎత్తు ఆవిణ్ణే కూర్చుని చూసుకోనివ్వండి. రంగు కూడా ఆవిణ్ణే అడగండి. మా ఆయన బూడిద రంగు అన్నాడు, మురికి కనపడదట. నేను ఎరుపు తీసుకున్నాను.