పేపర్లు దిద్దిన పెద్దమ్మ ఉత్తరం

చిన్నీ,

రాత్రి పదకొండింటికి నువ్వు పెట్టిన వాయిస్ మెసేజ్ పొద్దున కాఫీ తాగుతూ విన్నాను. "పెద్దమ్మా, ఐదు సబ్జెక్టులు, పదకొండు రోజులు, ఏం చదివినా గుర్తుండట్లేదు" అన్నావు. వెనకాల ఎవరో గట్టిగా బట్టీ పడుతున్న గొంతు కూడా వినపడింది. నీ టెన్షన్‌లో సగం ఆ గొంతు వల్లేనని నా అనుమానం. ఫోన్ చేస్తే మధ్యలో నువ్వు ఏడుస్తావు, నేను అసలు విషయం మర్చిపోతాను. అందుకే రాస్తున్నాను.

లెక్కల టీచర్ని కదా, ముందు లెక్క చూద్దాం. మీ ఇంజనీరింగ్ ఆర్‌23 (2023 నిబంధనల) పేపర్ 70 మార్కులకి. పార్ట్ ఎ లో రెండేసి మార్కుల ప్రశ్నలు పది, యూనిట్‌కి రెండు. పార్ట్ బి లో యూనిట్‌కి రెండు ప్రశ్నలిచ్చి ఒకటి రాయమంటారు, దానికి పది మార్కులు. అంటే ఒక్కో యూనిట్ 14 మార్కులు. యూనిట్‌లో కొంత వదిలేసినా పేపర్ ఊరుకుంటుంది, యూనిట్ మొత్తం వదిలేస్తే ఊరుకోదు. మా క్లాసు పిల్లలు ఏటా దీనికి సరిగ్గా తలకిందులుగా చదివేవాళ్లు. మొదటి రెండు యూనిట్లు అక్షరం పోకుండా, ఐదోది పరీక్ష రోజు పొద్దున బస్సులో! నీ సిగ్నల్స్ పేపరే తీసుకో. ఫోరియర్ యూనిట్ మీద నాలుగు రోజులు కూర్చుని జడ్-ట్రాన్స్‌ఫార్మ్ యూనిట్ ముట్టుకోకపోతే ఆ 14 మార్కులు నువ్వే పారేసినట్టు.

కాబట్టి ఇవాళే ఏం వదిలేస్తావో కాగితం మీద రాసుకో. అవును, చదవబోయేది కాదు, వదిలేసేది. అది తేలకపోతే ఏం చదువుతున్నా ఇంకోటి మిగిలిపోయిందనే బెంగ పీకుతూనే ఉంటుంది.

గుర్తుండట్లేదు అన్నావు. ఎలా చదువుతున్నావో చెప్పనా? పుస్తకం తెరిచి, హైలైటర్‌తో గీతలు గీసి, అర్థమైందనుకుని పేజీ తిప్పుతున్నావు. ఆ పుస్తకం మూసి సిగ్నల్స్‌లో కన్వల్యూషన్ లెక్క ఒకటి చివరిదాకా చెయ్యి. మూడో స్టెప్పులో ఆగిపోతావు. నువ్వు చదవాల్సింది ఆ మూడో స్టెప్పు. మిగతాది నీకు వచ్చు. ఇలా చేస్తే గంటకి రెండు లెక్కలే అవుతాయి, పక్క రూమ్ అమ్మాయి అప్పటికి రెండు యూనిట్లు అయిపోయాయంటుంది. అననీ.

ఇక ఎవరూ చెప్పని మాట ఒకటి. ఇరవై ఏళ్లకు పైగా స్పాట్ వాల్యుయేషన్‌కి, అంటే పరీక్ష పేపర్లు దిద్దడానికి వెళ్లినదాన్ని. మధ్యాహ్నం భోజనం చేసొచ్చి, ఫ్యాన్ కింద, ముందు పేపర్ల కట్ట పెట్టుకుని కూర్చున్నవాళ్లు నీ వ్యాసం చదవరమ్మా. చేతిలో ఉన్న మార్కుల స్కీమ్ ప్రకారం స్టెప్పులు వెతుకుతారు. ఫార్ములా రాశావా, ఒక మార్కు. బొమ్మ గీసి పేర్లు పెట్టావా, ఇంకో మార్కు. జవాబు తప్పొచ్చినా దారి సరిగ్గా ఉంటే చాలావరకు ఇచ్చేదాన్ని. తెల్లగా వదిలేసిన పేజీకి ఇద్దామని మనసున్నా ఏం చూసి ఇవ్వను? ప్రశ్న నంబర్ తప్పు వేసినవాళ్లని చూస్తే మాత్రం జాలీ, కోపమూ రెండూ వచ్చేవి. 3(ఎ) జవాబు రాసి పక్కన 4(ఎ) అని వేస్తారు!

మూడు గంటల్లో పార్ట్ ఎ కి నలభై నిమిషాలు, ఒక్కో పది మార్కుల ప్రశ్నకి పాతిక నిమిషాలు పెట్టుకో. పావుగంట మిగులుతుంది. ఆ పావుగంట నంబర్లు చూసుకోవడానికే.

నైట్ అవుట్లు వద్దు. డిగ్రీ రెండో ఏడాది ఫిజిక్స్ పరీక్ష ముందు రాత్రంతా కాఫీలు తాగి కూర్చున్నాను. తెల్లారి హాల్లో కార్నో ఇంజన్ బొమ్మ వేస్తూ కునుకు తీశాను. లేచేసరికి పెన్ను గీత పేజీ చివరిదాకా పోయింది. రాత్రి చదివినది ఒక్క ముక్క గుర్తు రాలేదు. చదివింది మెదడులో కుదురుకోవడానికి నిద్ర కావాలని తర్వాతెప్పుడో తెలిసింది. ఆ పేపర్ పోయింది, మళ్లీ రాశాను. మీ అమ్మకి ఇప్పటికీ తెలీదు, చెప్పకు.

తిండి సంగతి మీ అమ్మ రోజూ చెబుతూనే ఉంది, నేను చెప్పను.

సెమిస్టర్ మధ్యలో రాసిన మొదటి మిడ్ పరీక్ష పాడైందని ఇంకా తలుచుకుంటున్నావట. ఎక్కువ వచ్చిన మిడ్‌కి 80 శాతం, తక్కువ వచ్చినదానికి 20 శాతమేగా లెక్క! రెండోది బాగా రాశావు కదా, ఇక దాన్ని వదిలెయ్. పాసవ్వాలంటే 70కి 25, కాలేజీ వేసే ఇంటర్నల్ మార్కులతో కలిపి 100కి 40. ఇది తక్కువతో సరిపెట్టుకోమని కాదు. రాత్రి రెండింటికి భయం వేసినప్పుడు ఈ అంకెలు గుర్తు చేసుకోమని.

పరీక్ష అయ్యాక గేటు దగ్గర నిలబడి ఎవరికెంత వచ్చిందో కలిపి చూసుకోవద్దు. వచ్చి పడుకో. లేచాక తర్వాతి పేపర్ తియ్యి.

ఇంకొకటి. గుండె దడ తగ్గకపోయినా, తిండి సహించకపోయినా, బతకాలనిపించకపోయినా టైమ్ చూడకుండా నాకు ఫోన్ చెయ్. నేను ఎత్తకపోతే 14416, టెలి మానస్, మనసు బాగోనప్పుడు మాట్లాడే ప్రభుత్వ ఫోన్ సేవ. డబ్బులేమీ తీసుకోరు, రాత్రయినా పగలయినా తెలుగులో మాట్లాడతారు. నీ రూమ్‌మేట్స్‌కి కూడా ఆ నంబర్ ఇవ్వు. గట్టిగా బట్టీ పడుతున్న ఆ పిల్లకి ముందు ఇవ్వు.

హాల్ టికెట్ రెండు జిరాక్సులు తీయించి ఒకటి బ్యాగులో పడెయ్. ప్రతి పరీక్ష అయ్యాక మీ అమ్మకి "రాశాను" అని ఒక్క ముక్క చెప్పు చాలు. ఎలా రాశావో సాయంత్రం నాకు చెప్పు.

నీ పెద్దమ్మ