కడబంతిలో పదిహేనో కుర్చీ

అడిగిన ప్రశ్న: "ప్రొఫెషనల్ బాక్సింగ్‌లో ఒక్కో వెయిట్‌కి నలుగురేసి ప్రపంచ ఛాంపియన్లు ఎందుకుంటారు? ర్యాంకులు డబ్బుకి అమ్ముడుపోతాయంటారు, నిజమేనా?"

రెండో సగానికి జవాబు చెప్తాను, మొదటి సగం దానంతటదే తేలిపోతుంది. ర్యాంకులిచ్చే సంస్థ పెద్దలకి డబ్బు ముట్టజెప్పామని, ఫైట్లు ఏర్పాటు చేసే ప్రమోటర్లే అమెరికా కోర్టులో ప్రమాణం చేసి మరీ చెప్పారు కాబట్టి "అంటారు" అనే మాట ఇక అక్కర్లేదు. అయితే ఈ గొడవ లేచినప్పుడల్లా ఒకటో నంబరు ఎవరికిచ్చారు, ఎందుకిచ్చారు అని జనం కొట్టుకుంటారు. ఒకటో నంబరులో పెద్ద బేరమేమీ ఉండదు. బేరమంతా లిస్టు అడుగున, పది నుంచి పదిహేను మధ్య జరుగుతుంది.

ఎవరి లిస్టు వాళ్ళు వేసి, ఎవరి ఛాంపియన్‌కి వాళ్ళు బెల్టు ఇచ్చే సంస్థలు నాలుగు: డబ్ల్యూబీఏ, డబ్ల్యూబీసీ, ఐబీఎఫ్, డబ్ల్యూబీవో. ఇవి ఎన్ని విషయాల్లో తగువులాడుకున్నా ఒక్క రూలు దగ్గర మాత్రం ఏకమవుతాయి. టైటిల్ ఫైట్ దొరకాలంటే ఛాలెంజర్ పేరు ఆ సంస్థ లిస్టులో మొదటి పదిహేను మందిలో ఉండాలి. ఛాంపియన్ సుమారు ఏడాదికోసారి (ఐబీఎఫ్ లెక్కలో తొమ్మిది నెలలకోసారి) సంస్థ చెప్పిన మాండేటరీ ఛాలెంజర్‌తో తలపడాలి. ఆ మధ్యలో చేసేవన్నీ వాలంటరీలే, అంటే పదిహేను మందిలో ఎవరినైనా తనే ఏరుకోవచ్చు. ఇప్పుడు ప్రమోటర్ వైపు నుంచి ఆలోచించండి. ఆయనకి కావలసింది టికెట్లు తెగాలి, టీవీ వాళ్ళు డబ్బివ్వాలి, తన ఛాంపియన్ మాత్రం ఓడకూడదు. ఒకటో నంబరు వాడు ప్రమాదం. పద్నాలుగో నంబరు వాడు బంగారం. పదిహేడో నంబరు వాడు ఇంకా మేలిమి బంగారమే కానీ రూలు ఒప్పుకోదు. వాణ్ణి రెండు మెట్లు ఎక్కించాలి, అంతే. వడ్డించేవాడు మనవాడైతే కడబంతిలో కూర్చున్నా ఫర్వాలేదన్న సామెత మన పెద్దలు బాక్సింగ్ చూడకుండానే చెప్పారు.

ఆ రెండు మెట్లు ఎక్కించడానికి మామూలు దారి లంచం కాదు, రీజనల్ బెల్టు, అంటే ప్రపంచ టైటిల్ కింద ఒక ప్రాంతం పేరుతో ఇచ్చే చిన్న టైటిల్. ముందు కుర్రాడికి పది పన్నెండు గెలుపులు పోగేస్తారు. ఎదురుగా నిలబడేది ఎక్కువగా వరసగా ఓడిపోతున్నవాళ్ళు, లేదా రెండు వెయిట్లు కిందనుంచి వచ్చినవాళ్ళు. తర్వాత ఖాళీగా ఉన్న ఏదో ఖండాంతర బెల్టుకో ఆసియా బెల్టుకో ఫైట్ పెట్టి, సంస్థకి ఫీజు కడతారు. ఆ బెల్టు గెలిచినవాణ్ణి లిస్టు అడుగున చేర్చడం రివాజు. అక్కణ్ణుంచి ఆరు నెలలు ఓడకుండా కూర్చుంటే చాలు, పైవాళ్ళు ఒకళ్ళనొకళ్ళు ఓడించుకుంటూ ఉంటారు కాబట్టి వీడు లేవకుండానే పైకి జరుగుతాడు.

మనకి దగ్గరి ఉదాహరణ విజేందర్ సింగ్. 2016 జూలై 16న ఢిల్లీ త్యాగరాజ్ స్టేడియంలో కెర్రీ హోప్‌ని ఓడించి డబ్ల్యూబీవో ఆసియా పసిఫిక్ సూపర్ మిడిల్‌వెయిట్ బెల్టు గెలిచాడు. అది అతని ఏడో ప్రొఫెషనల్ ఫైట్. విజేందర్‌ని తప్పుపట్టడానికేమీ లేదు. హోప్ ఒకప్పటి యూరోపియన్ ఛాంపియన్, చేతికి దొరికిన సులువు మనిషి కాదు. తప్పంతా రాసేవాళ్ళది. రీజనల్ బెల్టు గెలిస్తే "ప్రపంచ ఛాంపియన్" అని హెడ్డింగ్ పెట్టే డెస్కులు మన భాషలోనూ ఉన్నాయి. నిఖత్ జరీన్ 2022లో ఇస్తాంబుల్‌లో గెలిచిన ప్రపంచ టైటిల్ అమెచ్యూర్ పోటీది. అక్కడ డ్రా తీసి, వరసగా అందరినీ ఓడిస్తేనే పతకం. నిజామాబాద్ అమ్మాయి ఎవరి లిస్టులోనూ కుర్చీ కోసం కనిపెట్టుకుని కూర్చోలేదు. ఈ రెండింటినీ ఒకే వార్తలో కలిపి రాస్తే ఒళ్ళు మండుతుంది.

సరే, కుర్చీ ధర ఎంత ఉంటుందో చూపించే కేసు ఒకటుంది. 1994 నవంబర్‌లో నలభై అయిదేళ్ళ జార్జ్ ఫోర్‌మన్ మైకేల్ మూరర్‌ని పదో రౌండ్లో పడగొట్టి డబ్ల్యూబీఏ, ఐబీఎఫ్ హెవీవెయిట్ బెల్టులు తెచ్చుకున్నాడు. టోనీ టక్కర్‌తో తలపడనందుకు డబ్ల్యూబీఏ తన బెల్టు లాగేసుకుంది. ఇక చేతిలో మిగిలింది ఐబీఎఫ్ బెల్టు. దాన్ని నిలబెట్టుకోవడానికి ఏరుకున్నది జర్మనీకి చెందిన ఆక్సెల్ షుల్జ్‌ని. ఇరవై ఆరేళ్ళవాడు, మంచి జాబ్ (ముందు చేత్తో విసిరే సూటి గుద్దు) ఉంది, మనిషిని పడగొట్టేంత దెబ్బ లేదు. ర్యాంకు ప్రకారం అతనికి ఆ ఫైట్ వచ్చే యోగ్యత లేదు, ఐబీఎఫ్ కనికరించాలి. ప్రమోటర్ బాబ్ ఆరమ్ తర్వాత ఒప్పుకున్నదాని ప్రకారం ఐబీఎఫ్ ప్రెసిడెంట్ బాబ్ లీ మొదట అడిగింది 5 లక్షల డాలర్లు. బేరం 2 లక్షలకి దిగింది. ఆరమ్ 1 లక్ష ఇచ్చాడు, మిగతా లక్ష ఇవ్వనేలేదు. కూరగాయల బజారులో కూడా ఇంతకన్నా మర్యాదగా బేరమాడతారు.

1995 ఏప్రిల్ 22న లాస్ వేగాస్‌లో ఫైట్ జరిగింది. పన్నెండు రౌండ్లూ షుల్జ్ పక్కకి జరుగుతూ జాబ్ విసురుతూనే ఉన్నాడు. ఫోర్‌మన్ ఎడమ కన్ను వాచి మూసుకుపోయింది. చివర్లో జడ్జిల పాయింట్ల కార్డులు చూస్తే ఇద్దరు జడ్జిలు 115-113 ఫోర్‌మన్‌కి, మూడో జడ్జి 114-114. చూసినవాళ్ళలో చాలామంది షుల్జే గెలిచాడన్నారు. ఐబీఎఫ్ రీమ్యాచ్ పెట్టమంది, ఫోర్‌మన్ బెల్టే వదిలేశాడు. అక్కడితో ఆగలేదు. అదే ఏడాది డిసెంబర్‌లో ఆ ఖాళీ బెల్టుకి షుల్జ్‌కే మళ్ళీ అవకాశం, ఈసారి ఫ్రాన్స్ బోథా చేతిలో ఓడాడు. బోథా శాంపిల్‌లో స్టెరాయిడ్ దొరికి బెల్టు పోయింది. 1996 జూన్‌లో మూడో అవకాశం, మూరర్‌తో, మళ్ళీ ఓటమి. ఒక్కసారి ఆ పంక్తిలో కూర్చోబెట్టినందుకు మూడు టైటిల్ ఫైట్లు వచ్చాయి. అప్పట్లో ఆ కుర్చీ మీద ఆశ పెట్టుకుని జిమ్ముల్లో చెమటోడ్చిన మిగతా హెవీవెయిట్ల గురించి ఎవరూ అడగరు. లంచం కేసుల్లో ఎప్పుడూ కనిపించని బాధితులు వాళ్ళే.

కేసు బయటపడింది లోపలి మనిషి వల్ల. ఐబీఎఫ్ రేటింగ్స్ కమిటీ ఛైర్మన్ డగ్లస్ బీవర్స్ ఎఫ్‌బీఐకి సహకరించాడు. హోటల్ గదిలో దాచిన కెమెరా ముందు డబ్బు చేతులు మారింది. 1999 నవంబర్‌లో లీ మీద అభియోగాలు మోపారు. 2000 ఆగస్టులో తీర్పు వచ్చింది: 33 అభియోగాల్లో 27 కొట్టేశారు, పన్ను ఎగవేత, మనీ లాండరింగ్ లాంటి ఆరింట్లో దోషి. శిక్ష 22 నెలల జైలు, 25 వేల డాలర్ల జరిమానా. ఆరమ్‌కి నెవాడా రాష్ట్ర అథ్లెటిక్ కమిషన్ 1,25,000 డాలర్ల జరిమానా వేసింది. లంచం తీసుకున్నవాడి కంటే ఇచ్చినవాడికే జరిమానా ఎక్కువ పడింది.

ఆ తర్వాత ఐబీఎఫ్‌ని కొన్నేళ్ళు కోర్టు నియమించిన మానిటర్ కింద ఉంచారు. దాంతో అది పూర్తిగా మడి కట్టుకున్న సంస్థ అయిపోయింది. దాని లిస్టు తెరిస్తే చాలాసార్లు ఒకటి, రెండు స్థానాల ఎదురుగా "నాట్ రేటెడ్" అని ఉంటుంది. ఎలిమినేటర్ (మాండేటరీ ఎవరో తేల్చే ఫైట్) గెలిచినవాడు దొరికేదాకా వాటిని ఖాళీగానే ఉంచుతారు. ఫైట్ రోజు పొద్దున్న మళ్ళీ తూకం వేసి, పరిమితికి 10 పౌండ్లకి మించి పెరిగితే ఒప్పుకోని రూలు కూడా ఏళ్ళ తరబడి నడిపారు. నాలుగింట్లో కాస్త నమ్మదగింది ఇదే అని నా అభిప్రాయం. కానీ మడి ఎక్కువైతే ఏమవుతుందో కూడా ఇక్కడే చూడొచ్చు. 2015 నవంబర్ 28న టైసన్ ఫ్యూరీ హెవీవెయిట్ ఛాంపియన్ క్లిచ్‌కోని ఓడించాడు. రీమ్యాచ్ ఒప్పందం ఉంది కాబట్టి మాండేటరీ గ్లజ్‌కోవ్‌తో తలపడలేడు. రెండు వారాలు తిరక్కుండానే ఐబీఎఫ్ బెల్టు ఊడబెరికింది. ఆ ఖాళీ బెల్టు ఫైట్‌లో మూడో రౌండ్లో గ్లజ్‌కోవ్ మోకాలు మెలిపడి చార్ల్స్ మార్టిన్ ఛాంపియన్ అయ్యాడు. మూడు నెలలైనా నిండకముందే ఆంటనీ జాషువా అతన్ని రెండో రౌండ్లో ముగించాడు. అందులో ఎవరూ రూలు తప్పలేదు.

ఇప్పుడు మొదటి సగం, ఇన్ని బెల్టులెందుకు అని. సంస్థ ఆదాయం టైటిల్ ఫైట్‌లో బాక్సర్ పర్సు (ఆ ఫైట్‌కి అతనికొచ్చే డబ్బు) నుంచి కోసుకునే సాంక్షన్ ఫీజు, సుమారు 3 శాతం. పది లక్షల డాలర్ల పర్సుకి 30 వేలు. ట్రైనర్ 10 శాతం, మేనేజర్ మూడో వంతు దాకా తీసుకున్నాక బాక్సర్ చేతికి ఎంతొస్తుందో మీరే లెక్కేసుకోండి. టైటిల్ లేని ఫైట్‌కి ఆ 3 శాతం రాదు. కాబట్టి ప్రతి ఫైట్‌కీ ఏదో ఒక బెల్టు తగిలించాలి: సూపర్, రెగ్యులర్, ఇంటరిమ్ (తాత్కాలికం), గోల్డ్, ఫ్రాంచైజ్. 17 వెయిట్లూ చాలక డబ్ల్యూబీసీ 2020లో బ్రిడ్జర్‌వెయిట్ అని ఇంకోటి పుట్టించింది. పరీక్ష పేపరు దిద్దే మాస్టారికి పాసైనవాళ్ళని బట్టి జీతం ఇస్తే ఏమవుతుందో ఇదీ అంతే.

2021 ఆగస్టు 7న మినియాపోలిస్‌లో గాబ్రియేల్ మాయెస్త్రే, మైకల్ ఫాక్స్ ఫైట్ చూడండి. మాయెస్త్రేకి అప్పటికి మూడే ప్రొఫెషనల్ ఫైట్లు, అయినా డబ్ల్యూబీఏ ఇంటరిమ్ టైటిల్‌కి అర్హుడు. అతనూ వెనిజులా వాడే, డబ్ల్యూబీఏ ప్రెసిడెంటూ వెనిజులా వాడే. చివరి నిమిషంలో వచ్చిన ఫాక్స్ రెండో రౌండ్లో అతన్ని కింద పడేశాడు. అయినా గెలుపు మాయెస్త్రేకే ఇచ్చారు, ఒక కార్డయితే 117-110. గోల పెరిగాక డబ్ల్యూబీఏ ఆ జడ్జిని సస్పెండ్ చేసి, ఇంటరిమ్ బెల్టులన్నీ రద్దు చేస్తున్నామంది. కొన్నాళ్ళకి అవి మళ్ళీ వచ్చాయి. ఇంకో మాట, డబ్ల్యూబీసీలో హోసే సులైమాన్ తర్వాత కొడుకు మౌరీసియో, డబ్ల్యూబీఏలో గిల్బెర్తో మెండోసా తర్వాత కొడుకు గిల్బెర్తో. వారసత్వం గురించి తెలుగువాళ్ళకి వేరే చెప్పాలా?

లిస్టు మీరే పరిశీలించాలంటే ఇలా చూడండి. ముందుగా, ఏ సంస్థా పక్క సంస్థ ఛాంపియన్‌ని తన లిస్టులో పెట్టుకోదు. ఒక వెయిట్‌లో నలుగురు వేర్వేరు ఛాంపియన్లు ఉంటే ఒకటో నంబరు అంటే నిజానికి అయిదో మనిషి, పదిహేను అంటే పంతొమ్మిది. అదీ లిస్టు నిజాయితీగా వేస్తేనే. తర్వాత నాలుగు లిస్టులూ పక్కపక్కన పెట్టుకోండి. ఒక పేరు ఒక్కచోటే ఎనిమిదో తొమ్మిదో ఉండి మిగతా మూడింట్లో అసలు లేకపోతే, ఆ సంస్థ రీజనల్ బెల్టు అతని నడుముకి ఉందేమో చూడండి, ఉంటుంది. బాక్సర్ల రికార్డులుండే బాక్స్‌రెక్ వెబ్‌సైట్‌లో అతని చివరి అయిదుగురు ప్రత్యర్థుల రికార్డులు తిరగేయండి. గెలుపు ఓటముల లెక్క కన్నా, వాళ్ళు అంతకుముందు ఆరు నెలల్లో ఎన్నిసార్లు నాకౌట్ అయ్యారన్నది ముఖ్యం. ప్రమోటర్ ఎవరో, ఛాంపియన్ ప్రమోటర్ ఎవరో చూడండి. అమెరికాలో 2000 నాటి ముహమ్మద్ అలీ చట్టం ప్రకారం మొదటి పది మందిలో ఎవరి ర్యాంకు మారినా ఏడు రోజుల్లో కారణం వెబ్‌సైట్‌లో పెట్టాలి, బాక్సర్ రాతపూర్వకంగా అడిగితే ఏడు రోజుల్లో జవాబివ్వాలి. ఆ కారణాలు చదవండి, రెండు ముక్కల్లో ఉంటాయి.

చివరిగా అతని ఆఖరి ఫైట్ తేదీ చూడండి. ఇది చిన్న విషయం అనుకోవద్దు. డారిన్ మోరిస్ అనే సూపర్ మిడిల్‌వెయిట్ 2000 అక్టోబర్‌లో చనిపోయేనాటికి డబ్ల్యూబీవో లిస్టులో ఏడోవాడు. తర్వాతి నెలల్లో పైవాళ్ళు ఓడిపోతూ ఉంటే ఆయన ఆరుకి, ఆపైన అయిదుకి ఎక్కాడు. 2001లో ఎవరో గమనించి చెప్తే తీసేశారు. అయిదో స్థానమంటే టైటిల్ ఫైట్‌కి పూర్తి అర్హత. అన్ని నెలల్లో ఏ ప్రమోటరూ ఆయన కోసం ఒక్క ఫోనైనా చెయ్యలేదన్నమాట.