ఊరి చెరువు కోసం సంఘం పెట్టాలంటే మొదట ఏం చేయాలి?

చంద్రగిరి దగ్గర మీ ఊరి చెరువు కంపతో నిండిపోయిందనీ, కుర్రాళ్లు కలిసి సంఘం పెడుతున్నారనీ, రిజిస్ట్రేషన్‌తో మొదలుపెట్టాలా పూడికతీతతోనా అనీ అడిగారు. రెండూ తర్వాత. ముందు వంక వెంట నడవండి.

చెరువులోకి నీళ్లు వచ్చే దారిని పైకొస నుంచి కట్ట దాకా ఒక పూట నడిస్తే సగం సంగతి తెలుస్తుంది. కాలువ తెగి, ఎవరి చేలోనో కలిసిపోయి, లేదా రోడ్డు కింద తూము మూసుకుపోయి ఎండిన చెరువులు మన వైపు చాలా ఉన్నాయి. అలాంటిదాన్ని ఎంత తవ్వినా వట్టి గుంటే. వయసు మళ్లిన రైతునూ, మేకలు కాసేవాళ్లనూ, గ్రామ సర్వేయర్‌నూ వెంట తీసుకెళ్లండి. చేతిలో ఎఫ్‌ఎంబీ (సర్వే నంబర్ల కొలతల పటం) నకలు ఉండాలి. ఆక్రమణ కనబడితే అక్కడ వాదన పెట్టుకోకండి, సర్వే నంబరు రాసుకుని ముందుకు నడవండి.

ఆ తర్వాత ఒకరికొకరు పొసగని వాళ్లను ఒకచోట కూర్చోబెట్టాలి. ఆయకట్టు రైతుకు తూములో నీళ్లు పారాలి. బోర్ల మీద బతికేవాళ్లకు నీళ్లు ఇంకితే చాలు. చెరువు లోపలి అంచున సాగు చేసేవాళ్లు మొరవ (నిండిన చెరువు నీళ్లు పొర్లిపోయే చోటు) ఎత్తు పెంచనివ్వరు, పంట మునుగుతుంది కాబట్టి. చేపల వేలం పాడుకున్నవాళ్లు అడుగున మిగిలిన నీళ్లు వదలనివ్వరు. ఈ నలుగురూ లేని సంఘం చెరువు నిండిన మొదటి ఏడే చీలిపోతుంది. పొదుపు సంఘాల ఆడవాళ్లను మొదటిరోజు నుంచే పిలవండి. చందా వసూలు, లెక్క రాయడం వాళ్ల చేతిలో పని. మీటింగు సాయంత్రం పాలు పోసి వచ్చాక పెడితేనే జనం వస్తారు.

ఏడుగురుంటే 2001 సొసైటీల చట్టం కింద రిజిస్టరు చేసుకోవచ్చు. బయటి నుంచి డబ్బు తీసుకోవాల్సి వచ్చినప్పుడు ఆ పని చూసుకోండి. గ్రామసభ తీర్మానం, నీటిపారుదల శాఖ ఏఈ (అసిస్టెంట్ ఇంజనీరు) రాతపూర్వక అనుమతి మాత్రం పార వెయ్యకముందే ఉండాలి. కంప అమ్మిన డబ్బు పంచాయతీ వేలం ద్వారానే రావాలి, లేకపోతే సంఘం మీద పడే మొదటి మచ్చ అదే.

సర్కారు కంపను మొదలుకు నరికితే ఇంకా గుబురుగా చిగురిస్తుంది. జానెడు లోతు నుంచి వేరుమొదలు పెకలించాలి, అదీ కాయలు పండకముందే. పశువులు తిన్న కాయల గింజలు పేడలో మొలుస్తాయి. కాబట్టి తర్వాత కనీసం రెండు వానాకాలాలు మొలకలు పీకడానికి మనుషులు కావాలి. జేసీబీ ఒక్క వారంలో వెళ్లిపోతుంది. ఈ పీకుడు నడిపించగలిగితేనే అది సంఘం.

పూడిక లెక్క కూడా ముందే వేసుకోండి. ఎకరా మేర అడుగు లోతు తీస్తే సుమారు 1,230 ఘనపు మీటర్లు. ట్రాక్టర్ ట్రక్కుకు 3 ఘనపు మీటర్ల చొప్పున సుమారు 400 ట్రిప్పులు, గుల్లబారిన మట్టికి ఇంకా ఎక్కువ. ఒండ్రును పొలాలకు తోలితే ఎకరాకు 40 ట్రిప్పులు అంగుళం పైచిలుకు పరుచుకుంటుంది. ఇటుకబట్టీలకు ఇవ్వడం మొదలైతే మట్టి కోసమే తవ్వుతారు, కట్ట దగ్గరికి వచ్చేస్తారు. కట్ట నుంచి ఎంత దూరం వదలాలో ముందే ఏఈని అడిగి తెలుసుకోండి. తూము మట్టానికి కింద తవ్విన గుంటలో నీళ్లు ఆయకట్టుకు పారవు. ఇసుక పొర బయటపడితే బోర్లకు మేలే గానీ, చెరువు తొందరగా ఎండిపోతుంది.

కట్ట మీద మొక్కలు నాటే కార్యక్రమం పెట్టొద్దని గట్టిగా చెబుతున్నాను. చెట్టు చచ్చాక వేరు కుళ్లిన చోట నీటికి దారి ఏర్పడుతుంది. వాలు మీద గరిక, వట్టివేరు చాలు. కానుగ, చింత కట్టకు దూరంగా నాటండి.

పనంతా మార్చి నుంచి జూన్‌లోపు ముగించాలి. మన చెరువులు నిండేది ఎక్కువగా అక్టోబరు నుంచి డిసెంబరు మధ్య వానలకే. 2021 నవంబరులో తిరుపతి దగ్గరి రాయలచెరువు కట్ట నుంచి నీరు కారి, దిగువ ఊళ్లను ఖాళీ చేయించారు. అందుకే సెప్టెంబరులోనే 200 ఇసుక బస్తాలు, ఒక లోడు కంకర కట్ట దగ్గర పెట్టుకోండి. కట్ట వెనకవైపు తేట నీరు కారితే రోజూ గమనించండి. బురద నీరు కారితే కట్ట లోపల మట్టి కొట్టుకుపోతున్నట్టు లెక్క. ఆ బొక్కను మట్టితో పూడ్చొద్దు. ముందు ఇసుక, దాని మీద కంకర, ఆపైన రాళ్లు వేయాలి. నీరు బయటికి వస్తూ మట్టి లోపలే ఆగుతుంది. వెంటనే ఏఈకి, తహశీల్దారుకు ఫోను చేయండి.