లెంటివైరల్ వెక్టర్‌లో ఆర్‌ఎన్‌ఏ ప్యాకేజింగ్ కొలుస్తున్నారా? ముందు నో-ఆర్‌టీ పెట్టండి

మీ లెంటివైరల్ వెక్టర్‌లో (జన్యువును మోసుకెళ్లేలా మార్చిన వైరస్) ఆర్‌ఎన్‌ఏ కాపీలు పీ24 (వైరస్ పెంకులోని ప్రోటీన్) లెక్కకు అందనంత ఎక్కువ వస్తున్నాయని, ప్యాకేజింగ్ (ఆర్‌ఎన్‌ఏ వైరస్ కణంలోకి చేరడం) బాగా జరిగిందని థీసిస్‌లో రాయవచ్చా అని అడిగారు. ఇప్పుడే రాయకండి. పీహెచ్‌డీ రెండో ఏడాదిలో నాకూ ఇదే జరిగింది. నాలుగు నెలల పని పోయింది.

ఒక వైరస్ కణంలో జీనోమ్ ఆర్‌ఎన్‌ఏ 2 కాపీలు ఉంటాయి. కణానికి సుమారు 2,000 పీ24 అణువులు అనుకుంటే, 1 నానోగ్రామ్ పీ24 అంటే దాదాపు 1.25 కోట్ల కణాలు. అన్నీ నిండినా కాపీలు 2.5 కోట్ల దగ్గర ఆగాలి. నాకు 90 కోట్లు వచ్చాయి. సంతోషంగా ల్యాబ్ మీటింగ్‌లో చూపించాను. మా సీనియర్ అక్క ఒక్కటే అడిగారు: "నో-ఆర్‌టీ ఎంత వచ్చింది?" నేను అసలు పెట్టలేదు. ఆర్‌టీ ఎంజైమ్ ఆర్‌ఎన్‌ఏని డీఎన్ఏగా మారుస్తుంది, పీసీఆర్ కొలిచేది ఆ డీఎన్ఏనే. ఎంజైమ్ వేయని ట్యూబే నో-ఆర్‌టీ; అందులో వచ్చే సిగ్నల్ ఆర్‌ఎన్‌ఏది కాదు. ఆ రాత్రే పెట్టాను. ఆర్‌టీ ఎంజైమ్ వేసిన ట్యూబులో సీటీ (సిగ్నల్ కనిపించే పీసీఆర్ సైకిల్) 16.9, వేయని దానిలో 17. అన్నాళ్లూ నేను కొలిచింది ట్రాన్స్‌ఫెక్షన్‌లో (వెక్టర్ తయారీకి కణాల్లోకి డీఎన్ఏ ఎక్కించడం) మిగిలిపోయిన ప్లాస్మిడ్‌ని, అంటే ఆ ఎక్కించిన డీఎన్ఏని.

ఎందుకంత మిగులుతుంది? 10 కేబీ (10 వేల బేస్ జతల) ప్లాస్మిడ్ 10 మైక్రోగ్రాములు వేస్తే, అది 90 వేల కోట్ల కాపీల పైమాటే. అందులో వెయ్యో వంతు సూపర్‌నాటెంట్‌లోకి (కణాల పైన ఉండే, వైరస్ చేరే ద్రవం) వచ్చినా చాలు, లెక్క తలకిందులవుతుంది.

నేను ఇప్పుడు చేసేది: ట్రాన్స్‌ఫెక్షన్ మర్నాడు మీడియా మారుస్తాను. సూపర్‌నాటెంట్‌ని మెగ్నీషియంతో పాటు బెంజోనేజ్ (డీఎన్ఏ, ఆర్‌ఎన్‌ఏ రెండింటినీ కోసే ఎంజైమ్) వేసి 37 డిగ్రీల దగ్గర గంట ఉంచుతాను. వైరస్ కణం బయట అంటుకున్న ఆర్‌ఎన్‌ఏ కూడా దీంతో పోతుంది, మనకు కావలసింది లోపలిదే కదా. తర్వాత 20 శాతం సుక్రోజ్ మీదుగా అల్ట్రాసెంట్రిఫ్యూజ్. ఎంజైమ్, విడిగా తిరిగే పీ24 చాలావరకు పైనే ఉండిపోతాయి. ఆర్‌ఎన్‌ఏ తీశాక మళ్లీ డీఎన్ఏజ్ (డీఎన్ఏని మాత్రమే కోసే ఎంజైమ్). ఇన్ని చేసినా నో-ఆర్‌టీ మానను. రెండు సీటీల మధ్య కనీసం 7 సైకిళ్ల తేడా ఉంటే డీఎన్ఏ వాటా 1 శాతం లోపే.

ఇంకొకటి. వైరస్ కణంలో ఆర్‌ఎన్‌ఏ తక్కువైతే ప్యాకేజింగ్ సిగ్నల్ పాడైందని వెంటనే తేల్చేయకండి. వైరస్‌ని తయారుచేసే 293టీ కణాల్లోనే ఆ ఆర్‌ఎన్‌ఏ తక్కువగా తయారై ఉండవచ్చు. సైటోప్లాజం ఆర్‌ఎన్‌ఏని కూడా కొలిచి, వైరస్‌లోని సంఖ్యను దానితో భాగించండి. నా దృష్టిలో ప్యాకేజింగ్ సామర్థ్యం అంటే ఆ నిష్పత్తే. సై సిగ్నల్ (అదే ప్యాకేజింగ్ సిగ్నల్) తీసేసిన వెక్టర్‌ని కంట్రోల్‌గా పక్కన పెట్టుకోండి. అందులోనూ కొంత ఆర్‌ఎన్‌ఏ దొరుకుతుంది, సున్నా రాలేదని టెన్షన్ పడకండి.

పాత ఆర్‌ఎన్‌ఏ శాంపిల్స్ మైనస్ 80లో ఉన్నాయా? ఉంటే రేపే డీఎన్ఏజ్ వేసి, నో-ఆర్‌టీతో కలిపి రన్ చేయండి. సగం రోజు పని.