కొండమీది ఇంటి పెరట్లో కుక్కల కోసం ఆర్టిఫిషియల్ గడ్డి వేయించొచ్చా?

కొండవాలు మీద ఇల్లు, రెండు కుక్కలు, వానొస్తే బురద, చలికాలం మంచు, మామూలు గడ్డి నిలవడం లేదు, ప్లాస్టిక్ గడ్డి వేయిస్తే పనవుతుందా అని అడిగారు. అవుతుందండి. మాదీ అలాంటి ఇల్లే, అలాంటి రెండు కుక్కలే. అయితే మేం మొదటిసారి వేయించింది రెండో ఏడాదే పీకేసి మళ్లీ వేయించుకున్నాం. పైన కనిపించే గడ్డిలో పెద్ద లోపమేం లేదు, పాడైందంతా దాని కింద. అందుకే ముందు గడ్డి కింద వేసే పొరల సంగతే చెప్తాను.

మొదట వచ్చినవాళ్లు మట్టి చదును చేసి, అంగుళం మందాన ఇసుక పోసి, దానిమీదే పరిచి వెళ్లిపోయారు. ఆ వేసవంతా చూడముచ్చటగా ఉంది. చలికాలంలో మట్టిలోని నీరు గడ్డకట్టింది. నీరు మంచుగడ్డ అయితే దాదాపు 9 శాతం ఉబ్బుతుంది. దాంతో నేల అక్కడక్కడా పైకి లేచింది, మంచు కరిగాక సమంగా దిగలేదు. పల్లం పడిన చోటల్లా నీళ్లు నిలిచాయి, వాటితోపాటు కుక్కల మూత్రమూ నిలిచింది. ఎండలు మొదలయ్యేసరికి పెరటి తలుపు తీస్తే ముక్కు మండేది. మూత్రంలోని యూరియాను బ్యాక్టీరియా అమోనియాగా మారుస్తుంది, ఆ ఘాటు దానిదే. ఒక మూల పట్టుకుని ఎత్తి చూశాను. కింద ఇసుక నల్లగా, జిగటగా ముద్దకట్టి ఉంది. గడ్డి వెనకవైపు లేటెక్స్ పూత వేలితో రుద్దితే పొడిపొడిగా రాలింది. అది చూశాక ఇక కడుగుతూ కూర్చోవడం దండగ అనిపించింది.

రెండోసారి ఎనిమిది అంగుళాలు తవ్వించాం. మట్టి మీద జియోటెక్స్‌టైల్ గుడ్డ (నీటిని దిగనిస్తూ, మట్టి కంకరలో కలవకుండా ఆపేది), దానిపైన ఆరంగుళాల కంకర, పొరపొరకీ దిమ్మిస కొట్టించాం. కంకరలో డస్ట్ ఎక్కువుంటే నీళ్లు దిగవు, కాబట్టి జల్లించినది అడగండి. వాటం ఇంటి నుంచి బయటికి ఉండాలి, వంద అడుగులకు ఒకటి రెండు అడుగుల వాలు చాలు. కొండమీద ఇంకో విషయం ఉంది. పైవాలు నుంచి దిగే నీళ్లు మీ పెరట్లోకే వస్తాయి. పెరటికి ఎగువన ఒక కాలువ తీసి, చిల్లుల పైపు వేసి, కంకరతో నింపి నీటిని పక్కకు మళ్లించండి. మాకు ఈ ఒక్క పనివల్లే సగం తేడా వచ్చింది. గడ్డి పరిచే ముందు కంకర మీద నాలుగు బకెట్ల నీళ్లు కుమ్మరించి చూడండి. ఎక్కడైనా నిలిస్తే అక్కడే ఆపి సరిచేయించండి.

గడ్డి విషయానికొస్తే, పోచ 25 నుంచి 35 మిల్లీమీటర్లు ఉంటే సరిపోతుంది. అంతకన్నా పొడవైతే మలం తీయడం నరకం. వెనకవైపు ఎక్కడో ఒక చిల్లు ఉన్నది కాకుండా, మొత్తం నీరు దిగిపోయే రకం తీసుకోండి. పోచల మధ్య నింపడానికి నల్ల రబ్బరు గుళికలు వద్దు, అవి బాగా కాలతాయి. మేం జియోలైట్ అనే ఖనిజపు గుళికలు వేయించాం. అది అమోనియాను పట్టి ఉంచుతుంది. కానీ పట్టగలిగినంత పట్టాక ఆగిపోతుంది, కాబట్టి వానల్లేని రోజుల్లో గొట్టంతో బాగా తడపాలి. వారానికోసారి ఎంజైమ్ క్లీనర్ (మూత్రపు మురికిని విడగొట్టే ద్రావణం) కూడా కొడతాం.

ఇక ఎండ. చల్లటి ఊరు కదా, వేడెక్కదులే అనుకోకండి. ఎత్తు వెయ్యి మీటర్లు పెరిగితే అతినీలలోహిత (యూవీ) కిరణాలు సుమారు 10 శాతం పెరుగుతాయి, అందుకే యూవీ తట్టుకునేది కావాలని గట్టిగా అడగాలి. గాలి చల్లగా ఉన్నా నేరుగా ఎండ పడిన ప్లాస్టిక్ గడ్డి 60 డిగ్రీలు దాటగలదు. ఒక మధ్యాహ్నం మా ముసలి కుక్క గడ్డి మధ్యలో నిలబడి ఒక్కో కాలు ఎత్తి దించుతుంటే, ముందు కాలికేమైనా గుచ్చుకుందేమో అనుకున్నాను. చెయ్యి ఆనిస్తే అర్థమైంది, పాపం. మీరు కూడా అరచేతి వెనకభాగం ఆనించి చూడండి, ఏడు సెకన్లు ఉంచలేకపోతే కుక్కను వదలకండి. నీళ్లు చల్లితే కాసేపే చల్లబడుతుంది, నీడే అసలు మందు. మేం సగం పెరటికి నీడవల కట్టాం.

అద్దాల కిటికీలకు ఎదురుగా వేయిస్తుంటే మధ్యాహ్నం వాటి వెలుగు ఎక్కడ పడుతుందో చూసుకోండి. కొన్ని రకాల అద్దాల నుంచి పడే ఎండకు పోచలు కరిగి ముడుచుకుపోతాయి.

మంచు పడినప్పుడు ఇనప పార వాడొద్దు. ప్లాస్టిక్ పారతో పైపైన తీసి, అంగుళం మంచు వదిలేయండి. ఉప్పు చల్లకండి, కుక్కల పాదాలు పగులుతాయి. ఎవరూ చెప్పనిది ఒకటుంది: చలికాలమంతా పోసిన మూత్రం మంచులో పొరలుపొరలుగా గడ్డకట్టి ఉంటుంది, కరిగేటప్పుడు మొత్తం ఒక్కసారే దిగుతుంది. పసుపుపచ్చగా కనిపించిన మంచును ఏ రోజుకారోజు తీసేస్తే వసంతంలో వాసన గొడవ చాలా తగ్గుతుంది.

అడవి దగ్గరైతే, ఇంటి గోడకు ఆనుకుని ఐదడుగుల మేర గడ్డి వద్దు, రాళ్లే పరచండి. కార్చిచ్చు రేగితే నిప్పురవ్వలు చాలా దూరం ఎగిరొస్తాయి, ప్లాస్టిక్ కాలుతుంది.

తవ్వే కుక్క ఉంటే అంచులు మేకులతో వదిలేయకుండా సిమెంటు గట్టుకు బిగించమనండి. మా చిన్నది మొదటి గడ్డిని అంచు నుంచే పీకింది. ఇప్పుడు ఒక మూల దానికోసం మట్టి వదిలాం, తవ్వాలనిపిస్తే నేరుగా అక్కడికే పోతుంది. పెరడంతా కప్పేయకండి, వాటికి మట్టి వాసన కావాలి.

డబ్బు కట్టే ముందు రెండు మూడు రకాల శాంపిల్ ముక్కలు తెచ్చుకుని మధ్యాహ్నం ఎండలో వారం రోజులు పడేయండి. కుక్కలు వాటిమీద పడుకుంటున్నాయా, చుట్టూ తిరిగి పోతున్నాయా చూడండి. మేం రెండోసారి ఏ రకం కొనాలో అలాగే తేల్చుకున్నాం.